ఖాకీ బొమ్మ

మహబూబ్బీకి చదువు రాదు. ఫోన్లో మనుషులను బొమ్మను చూసే గుర్తుపడుతుంది. గులాబీ బొమ్మ కూతురు షమీమ్, కాబా బొమ్మ వీసా ఏజెంటు, ఖాకీ బొమ్మ వాళ్ల ఊరి ఎస్సై. రాయచోటి వైపు నుంచి సౌదీలోని తాయిఫ్‌కు ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లలో చాలామందిది ఇదే పద్ధతి. బొమ్మ నొక్కు, మైకు నొక్కు, మాట్లాడు. ఇన్నేళ్లలో అది ఆమెను ఎన్నడూ ముంచలేదు. ఇవాళ నిలువునా ముంచింది.

ఆ ఇంటి యజమానురాలు, అందరూ మామా అని పిలిచే పెద్దావిడ, మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడే ఆమె చేతికి ఫోన్ ఇస్తుంది. మిగతా వేళల్లో అది వంటింటి సొరుగులో ఉండాల్సిందే. ఫోన్ తెరవగానే ఎస్సై గొంతు వినబడింది.

"అమ్మా, బాబ్జాన్ పెరోల్ అడిగినాడు. వాళ్లమ్మకు ఆపరేషనంట. నెల రోజులు ఊర్లోనే ఉంటాడు. మీ ఇంటోళ్లకు ఇష్టమా కాదా అని నేను రాసి పంపాల. మీయమ్మ నోరు తెరవల్యా, నా కూతుర్ని అడగమంటాంది. ఈ పొద్దే వాయిస్ పెట్టు."

ఇసుక లారీని ఆపినందుకు మహబూబ్బీ అన్న, కానిస్టేబుల్ మస్తాన్‌ను అదే లారీతో తొక్కించి చంపినవాడు బాబ్జాన్. యావజ్జీవం పడింది. వాడి ఇంటికీ అమ్మ ఇంటికీ మధ్య మూడు గడపలు. షమీమ్ ఉండేది అమ్మ దగ్గరే.

ఖాకీ బొమ్మ నొక్కి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"సార్, వాన్ని ఇడిసిపెట్టొద్దండి. మా యన్నను తొక్కినోడు ఊర్లో కాలు పెడితే మాయమ్మ, నా బిడ్డ బతుకుతారని నాకు నమ్మకం ల్యా. నేను ఒప్పుకోను."

పోయింది. అప్పుడు చూసింది బొమ్మను. ఎస్సైకి మీసాలుంటాయి, ఇందులో లేవు. అది మస్తాన్. వర్ధంతి అని నిన్ననే ఎవరో ఊరి గ్రూపుకు బొమ్మగా అన్న ఖాకీ ఫొటో పెట్టారు. ఆ గ్రూపులో బాబ్జాన్ తమ్ముడు షరీఫ్ కూడా ఉన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పెట్టిన మాటను చెరిపేయడం ఎలాగో ఆమెకు తెలియదు. తికమకగా అక్కడా ఇక్కడా నొక్కుతుండగానే మామా లేచి కేకేసింది. చుట్టాలొచ్చారు, అరబ్బు కాఫీ గహ్వా పెట్టాలి. ఫోన్ సొరుగులోకి పోయింది.

ఏలకులు దంచుతుంటే సొరుగు గుర్రుమంది. మళ్లీ గుర్రుమంది. చుట్టాల ముందు ఫింజాన్లనే చిన్న కప్పుల్లో గహ్వా పోస్తూ చెవి వంటింటి వైపే పెట్టింది, కప్పు పొంగి తివాచీ తడిసింది. మామా కళ్లెర్రజేసింది. అన్నను పోగొట్టుకున్నది చాలక ఇప్పుడు బిడ్డను తన నోటితోనే వాళ్లకు అప్పజెప్పానా అని మహబూబ్బీ లోలోపల కుమిలిపోయింది. తాయిఫ్‌లో వెలుగు తగ్గకముందే ఊర్లో చీకటి పడుతుంది. ఆ చీకట్లో ఆ మూడు గడపలు దాటడం ఎంతసేపు!

చుట్టాలు కదిలాక మామాను బతిమాలి ఫోన్ తీసుకుంది. గ్రూపులో షరీఫ్ గొంతు ఉంది.

"అక్కా, నువ్వు యాడో దూరంగా ఉండావు. మీయమ్మ, నీ బిడ్డ ఈడే ఉండారు. ఒప్పుకున్యానని ఎస్సైకి చెప్పి గమ్మునుండు."

ఊరంతా విని ఉంటుంది. ఒక్కడంటే ఒక్కడు నోరు మెదపలేదు. మస్తాన్ పాడె మోసిన భుజాలకు నోళ్లు లేవు కాబోలు. ఒప్పుకుంటానని చెప్పేద్దామని ఎస్సై బొమ్మ కోసం వెతుకుతుంటే, బొమ్మే లేని గుండ్రం ఒకటి కనబడింది. నొక్కింది. ఏడుపును అదిమిపెట్టిన ఆడగొంతు.

"అక్కా, నేను జబీని, బాబ్జాన్ పెండ్లాన్ని. ఆ పెరోల్ అర్జీ మీద నాతో బలవంతంగా వేలిముద్ర ఏపిచ్చినారు. వాడొస్తే మొదట సచ్చేది నేనే. వద్దని చెప్పే నోరు నాకు ల్యా, నువ్వన్నా చెప్పక్కా. మీయమ్మను, షమీమ్‌ను మా యన్న ఆటోలో మా పుట్టింటికి పంపిచ్చినా. ఈళ్లకు తెలీదు."

ఇన్నేళ్లూ మొగుడితో కలిపి ఈ జబీని కూడా తిట్టిపోసింది మహబూబ్బీ. ఇప్పుడు సిగ్గుతో తల వాలిపోయింది.

ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని, మీసాలు చూసుకుని మరీ నొక్కింది.

"సార్, నేను ఒప్పుకోను. రాసుకోండి."

జబీ పేరు ఎత్తలేదు. ఎస్సై విన్నట్టు మైకు గుర్తు నీలంగా మారేదాకా కదలకుండా నిలబడింది. అమ్మ, బిడ్డ ఊరు దాటారు. జబీ మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.