మోసేవాళ్ళు నలుగురు

"తల వైపు ముందు లేపండి. ముగ్గురు లేపి ఒకడు దిక్కులు చూస్తే రోగి నేలమీదుంటాడు," అంటూ మోత తాత దుప్పటి కొసలకు ముళ్ళు వేస్తున్నాడు. చర్చి వెనక గదిలో ఆదివారం పిల్లల పాఠం. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి, యేసు ముందుకు దించిన కథ. పిల్లలందరికీ రోగి వేషమే కావాలి. హాయిగా ఊగొచ్చు, చివర్లో గంతేసి లేవచ్చు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని తాత విసుక్కున్నాడు.

ఆయన ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో స్ట్రెచర్ మోశాడు. కుడిభుజం రెండు వేళ్ళ మందం కిందికి దిగిపోయి, చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే జారుతుంది. మీ కొలతలు తియ్యాలంటే దర్జీకి చుక్కలు కనిపిస్తాయని భార్య ఎగతాళి చేసేది. లేచి ఇంటికి నడిచివెళ్ళినవాళ్ళనూ మోశాడు, ఇక లేవనివాళ్ళనూ మోశాడు. పదేళ్ళ కిందట ఆవిడనూ తనే మోశాడు. అందుకే నమ్మితే నయమవుతుందన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు కాస్త తడబడుతుంది.

పాఠం అయ్యాక అందరూ పరిగెత్తారు. రెండు జడల పిల్ల మాత్రం కదల్లేదు.

"తాతా, మా నానమ్మ రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. మేం కూడా నమ్మి మోస్తే లేస్తుందా?"

అవునంటే అబద్ధం కావచ్చు. కాదంటే పసిదాని నమ్మకాన్ని చేజేతులా విరిచినట్టు. తాతకు నిజంగానే భయం వేసింది.

"లేస్తుందో లేదో నాకు తెలీదమ్మా. మొయ్యడం మాత్రం తెలుసు. పద."

పిల్ల వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. ముసలావిడను కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాలు బిగించారు. తాత, పిల్ల తండ్రి, తల్లి తలా ఒక కుర్చీ కాలు పట్టారు. నాలుగోది పిల్ల పట్టింది. పేరుకే పట్టింది గానీ, పళ్ళు బిగించి చివరిదాకా పట్టింది.

కింద మంచి ఎండ. ముసలావిడ కాళ్ళు నేలకు ఆనించుకుని, ఎదురింటిని ఎగాదిగా చూసింది.

"ఆ గోడకి ఆ రంగేంట్రా, కళ్ళు పోతాయి!" అని పకపకా నవ్వింది.

రెండేళ్ళలో ఆవిడ నవ్వడం అదే మొదలని కోడలు చెప్పింది. గంటసేపు కూర్చోబెట్టి మళ్ళీ పైకి చేర్చారు. ఆవిడ రెండు ముద్దలు తిని పడుకుంది. నాలుగింటికి కొడుకు వచ్చి, అమ్మ నిద్రలోనే పోయిందని తాతకు చెప్పాడు.

తాత వెళ్ళేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది.

"నా నమ్మకం చాల్లేదా తాతా?"

మోకాళ్ళు పట్టుకుని తాత పక్కన కూలబడ్డాడు.

"కథలో నయం చేసింది ఎవరు?"

"ప్రభువు."

"ఆ నలుగురి పనేంటి?"

"మొయ్యడం."

"నువ్వు మధ్యలో వదిలావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి నీ వంతు ఎక్కడ తగ్గిందే? ఎందుకు లేపలేదని నేనూ ఆయన్ని పదేళ్ళుగా అడుగుతున్నా. ఇద్దరం కలిసి అడుగుదాంలే."

పిల్ల ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు.

వీధి గుమ్మం పక్కన ముసలావిడ చెప్పులు ఉన్నాయి. వీధిలోకి వెళ్తూ వట్టికాళ్ళతోనా అని ఆవిడ పట్టుబట్టి వేయించుకున్నవి, పైకి మోసే హడావిడిలో అందరూ మరిచిపోయినవి. వాటి అడుగున వీధి మట్టి అంటుకుని ఉంది.