గోడుకో గోడ

ముత్తెన్నను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది ఒక బొటనవేలు కోసం.

గ్రూపు పేరు 'నీటి వంతు - రైతు మిత్రులు'. బాన్సువాడ పక్కన ఒక పిల్లకాలువ కింద పొలాలున్న వాళ్లంతా అందులో ఉన్నారు. కాలువకు ఎగువన పెద్ద కమతం ఉన్న హరనాథబాబు దానికి అడ్మిన్. మొదట్లో అందరూ మాట్లాడుకునేవారు. దిగువ పొలాలవాళ్లు "మా వంతు నీళ్లేవి?" అని అడగడం మొదలుపెట్టగానే హరనాథబాబు ఫోనులో ఏదో నొక్కాడు. అప్పటినుంచి అడ్మిన్ తప్ప ఇంకెవరూ ఒక్క ముక్క రాయడానికి లేదు. మిగతావాళ్లకు మిగిలింది బొటనవేలు బొమ్మ. ఇష్టమైతే వేలు పైకి, కష్టమైతే వేలు కిందికి.

"మా తాత చదువుకోలే, వేలిముద్ర నిశాని వేసిండు. నేను పది పాసైన, అయినా నిశానే ఏస్తున్న. గిదేం తరక్కీ?" అని ముత్తెన్న భార్య సాయవ్వ దగ్గర వాపోయేవాడు.

ఆ పొద్దున అడ్మిన్ సందేశం వచ్చింది: 'ఎగువ పొలాల అవసరం దృష్ట్యా దిగువ తూము మూసి ఉంచబడును. సహకరించగలరు.' ముత్తెన్న సహకరించలేదు. వేలు కిందికి పెట్టాడు. మొహం కడుక్కొని వచ్చేసరికి గ్రూపులో అతను లేడు.

"పెద్దోళ్ల ముచ్చట్ల వేలు పెడితే గట్లనే తీసి అవతల పారేస్తరు" అంది సాయవ్వ. "ఇగ ఊకో. పొలం పొట్ట మీదున్నది, లొల్లి పెట్టుకోకు."

"పొట్ట మీదున్నది గాబట్టే లొల్లి! వరి పొట్టకొచ్చినప్పుడు నీళ్లు బంద్ జేసుడంటే మన పొట్ట కొట్టుడే గదనే. అది వాట్సాప్ గాదు, వాటా సాఫ్!"

సాయవ్వ నవ్వలేదు. మడిలో నేల నెర్రెలు విచ్చింది. నాలుగు రోజుల్లో తడి అందకపోతే వచ్చేది గింజ కాదు, తాలు. ఆ సంగతి తెలిసే ముత్తెన్న ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. భయం వేసినప్పుడు అతని గొంతు పెరుగుతుంది, భయం మరీ ముదిరితే శ్లేషలు పుడతాయి.

ఆ గొంతుతోనే షబ్బీర్ చాయ్ హోటల్ మీద పడ్డాడు. పిట్లం బస్సు దిగినవాళ్లూ, నస్రుల్లాబాద్ బస్సు ఎక్కేవాళ్లూ అక్కడ గ్లాసు పట్టుకోకుండా కదలరు. రంజాన్ వస్తోందని షబ్బీర్ రోడ్డు వైపు గోడకు తెల్లగా సున్నం కొట్టించాడు.

"షబ్బీర్ భాయ్, నాకు గోడు ఉన్నది. నీకు గోడ ఉన్నది. ఒక్క బొగ్గు ముక్క ఇయ్యి."

"అరె, తాజా సున్నం అన్నా! జర రహం జెయ్యి."

"నీ గోడకు సున్నం, నా వాటా సున్న. ఎవని మీద రహం జెయ్యాలె చెప్పు?"

షబ్బీర్‌కు నవ్వొచ్చింది. నవ్వినవాడు ఇక కాదనలేడు. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసిచ్చాడు. "రాయి. గని నా గోడ నా హోటల్ లెక్కనే. ఎవరొచ్చినా జాగ ఇయ్యాలె. నీ ఒక్కనికే అంటే నడువది."

"మంజూర్!" అని ముత్తెన్న మూరెడేసి అక్షరాలతో రాశాడు: 'దిగువ తూము ఎందుకు మూసిండ్రు? తెలిసినోళ్లు రాయుండ్రి. తెలియనోళ్లు గూడ రాయుండ్రి.'

సాయంత్రానికి గోడ నల్లబడింది. 'మా మడి గూడ ఎండింది' అని కొందరు. 'పాడి బర్రె అమ్మబడును' అని ఒకడు. 'గీ హోటల్ల చాయ్‌ల చక్కెర తక్కువ' అని ఇంకొకడు. షబ్బీర్ ఆ వాక్యం ముందు నిలబడి చాలాసేపు చదువుకున్నాడు. చివరి మడి లస్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నాకు ఫోన్ లేదని నేను రైతును గానా బిడ్డా? లస్మవ్వకు గూడ నీళ్లు గావాలని రాయి. పెద్దగ రాయి, నాకు గూడ కనబడాలె" అంది. ఆమెకు చదువు రాదు. అయినా ముత్తెన్న పెద్దగానే రాశాడు.

అన్నింటికంటే కింద, ఇద్దరు ఎగువ రైతులు రాసిపోయిన మాట చూసి ముత్తెన్న నోరు తెరిచాడు: 'మా మడులు ఎప్పుడో నిండినయ్. మా పేరు చెప్పి మూసుడెందుకు?'

పాపం, వాళ్లూ గ్రూపులో బొటనవేలి మనుషులే. చెప్పాలని ఉన్నా చెప్పే చోటు లేకపోయింది.

హరనాథబాబు నుంచి ఫోనొచ్చింది. "ఏంది ముత్తెన్నా, ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవా? నిన్ను మల్ల గ్రూపుల ఏస్త, ఆ గోడ తుడిపియ్యి."

"ఇంటి ముచ్చటైతే ఇంటోళ్లనెందుకు బయటికి తోలినవ్ సార్? నీది గ్రూపు, మాది గుంపు. గుంపుకు అడ్మిన్ ఉండడు" అని ఫోను పెట్టేశాడు.

తెల్లారి హోటల్ ముందు జనం మూగి ఉన్నారు. లస్మవ్వ మాట పక్కనే లావుపాటి అక్షరాలు: 'ముత్తెన్న సర్పంచికి నిలబడుతుండు. నీళ్లు ఒక వంక. ఓట్లే అసలు కాలువ.'

ముత్తెన్న చెవులు కాలిపోయాయి. అబద్ధానికి ఒక మంట, ఆ వంక మాట తనకు తట్టనందుకు ఇంకో మంట. షబ్బీర్ తడిగుడ్డ చేతిలో పెట్టాడు. "తుడువ్ అన్నా. ఉత్త బక్వాస్."

ముత్తెన్న చెయ్యి ఎత్తాడు. గుడ్డ మీద అదిమిన బొటనవేలు కిందికి చూస్తోంది. గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా ఆ చేతినే చూస్తున్నారు. ఒక్క తుడుపుతో పోయే రాత. హరనాథబాబుకు తనూ అంతే, ఒక్క నొక్కుతో పోయిన మనిషి.

"తుడిస్తే నేను గూడ అడ్మిన్నే అయిత భాయ్" అని గుడ్డను తిరిగిచ్చేసి బొగ్గు అందుకున్నాడు. ఆ అక్షరాల కిందే రాశాడు: 'అవ్, నిలబడుతున్న. సర్పంచికి గాదు, తూముకాడ. రేపు పొద్దుగాల. మీరు గూడ వచ్చి నిలబడుండ్రి. వంక ముచ్చట మంచిగ రాసినవ్, నువ్వెవరో గని నువ్వు గూడ రా.'

మర్నాడు తూము దగ్గర కాలు పెట్టే చోటు లేదు. దిగువవాళ్లు వచ్చారు. ఎగువవాళ్లిద్దరూ వచ్చి అదే మాట నోటితో చెప్పారు. లస్మవ్వ తూము గట్టు మీద కూర్చుని "నీళ్లొచ్చేదాంక నేను లేవ" అంది. సాయవ్వ ఆమె పక్కన సద్దిమూట విప్పింది.

బండి దిగిన హరనాథబాబు అంతమందిని చూసి గొంతు సవరించుకున్నాడు. "గ్రూపుల మాట్లాడుకుందాం."

"గ్రూపుల మాకు వేలే ఉన్నది సార్. నోరు గీడున్నది" అన్నాడు ముత్తెన్న.

నీళ్లు వదిలే లస్కరు ఒకసారి బాబును చూశాడు, ఒకసారి జనాన్ని లెక్కపెట్టబోయి మానేశాడు. హరనాథబాబు తల ఊపక తప్పలేదు. తూము తలుపు కిర్రుమని లేచింది. నీళ్లు దిగువకు తోసుకుపోయాయి.

"గ్రూపు గూడ తెరిచిన" అన్నాడు బాబు, ఫోను చూపిస్తూ. "నిన్ను గూడ యాడ్ చేసిన. అందరు రాయొచ్చు. ఇగ ఆ గోడెందుకు?"

"తూముకు తలుపున్నది. గ్రూపుకు తలుపున్నది. ఎప్పుడో ఎవడో మూస్తడు. గోడకు తలుపేది సార్, మూసేతందుకు?"

పొలానికి తడి అందిందని చూసుకుని, బురద కాళ్లతోనే ముత్తెన్న హోటల్‌కు వచ్చాడు. 'తూము తెరిచిండ్రు. మల్ల మూస్తే మల్ల గీడనే రాస్త' అని రాసి, నిశాని కాకుండా ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాడు.

షబ్బీర్ తడిగుడ్డతో మెల్లగా పక్కకు చేరాడు. "అన్నా, పని అయిపాయె గదా. ఆ చక్కెర ముచ్చట ఒక్కటి తుడవనా?"

"తుడువకు" అన్నాడు ముత్తెన్న. "చక్కెర ఎయ్యి."