అరవై తువాళ్ళ చెమట

సెలూన్ పెద్దాయన పన్ను కాగితాల్లో చూపించేది రోజుకి ఏడు తలలు. కత్తిరించేది అరవై. అంతా చేతి డబ్బే, రసీదన్న మాట లేదు. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి.

తలకో తువాలు. లాండ్రీకి వేస్తే చీటీ మీద లెక్క పడుతుందని భార్య చేత ఇంట్లోనే ఉతికించాడు. ఆవిడ ఉతికి ఉతికి పోయింది. అప్పట్నించీ తనే ఉతికి డాబా మీద ఆరేస్తున్నాడు.

ఎదురు మేడలోకి పన్నుల ఇన్‌స్పెక్టర్ అద్దెకు దిగాడు. పళ్ళు తోముకుంటూ మూడు రోజులు తువాళ్ళు లెక్కపెట్టాడు. నాలుగో రోజు పొద్దున్నే తలుపు తట్టాడు.

"షాపులో ఏడు తలలన్నారు. మరి ఆ అరవై తువాళ్ళేమిటి పెద్దాయనా? ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కణ్ణే."

ఒప్పుకుంటే పన్నెండేళ్ళ పన్ను, ఆపైన జరిమానా. షాపు అమ్మినా తీరదు. పెద్దాయన గోడ వైపు చూశాడు.

"నావేనండి. నాకు చెమటెక్కువ."

"రోజుకి అరవై తువాళ్ళ చెమటా?"

"వేసవిలో ఇంకా ఎక్కువే."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకివాళ వేరే పని లేదు. కానివ్వండి, తుడుచుకోండి."

పెద్దాయన నుదురు తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ తువాలు పిండి చూసి, "పొడిగా ఉంది. లెక్కలోకి రాదు," అని పక్కన పడేశాడు.

పెద్దాయన ఫ్యాన్ ఆపాడు. కిటికీలు మూశాడు. దుప్పటి కప్పుకుని గుంజీళ్ళు తీశాడు. మధ్యాహ్నానికి పదకొండు తడిశాయి. ఇన్‌స్పెక్టర్ చొక్కా కూడా తడిసింది. మర్యాదకి అతనికో తువాలిచ్చాడు.

"ఇది నా చెమట. మీ లెక్కలో కలపను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సాయంత్రం ఇరవై రెండో తువాలు దగ్గర వీధిలో గోల మొదలైంది. బావమరిది తలుపు తోసుకుని వచ్చాడు. పోయినావిడ తమ్ముడు, షాపు పక్కనే సైకిళ్ళు బాగుచేస్తాడు.

"షాపు తెరవలేదేంటి బావా? పొద్దున్నుంచి జనం నన్ను పీక్కుతింటున్నారు. నీకు ఒంట్లో బాలేదేమోనని అందర్నీ ఇక్కడికే తోలుకొచ్చా. ఒక్కణ్ణి పోనిస్తే ఒట్టు."

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి వేలితో లెక్కపెట్టాడు. తలలు సరిగ్గా అరవై.

అప్పుడు పట్టింది పెద్దాయనకి అసలు చెమట. ఉతికిన తువాలొకటి తీసి ఇన్‌స్పెక్టర్ అందించాడు.

"తుడుచుకోండి. ఇది లెక్కలోకి వస్తుంది."