రుచి చూస్తే తిన్నట్టా?

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజూ నాలుగు వందల మంది తింటారు. వాళ్లందరికీ వండే ప్రధాన వంటవాణ్ని పెద్ద గరిటె అంటారు. ఆయన పక్కన పదకొండేళ్లుగా ఉల్లిపాయలు తరుగుతూ, గిన్నెలు దించుతూ ఉన్న ఆయన బావమరిదిని చిన్న గరిటె అంటారు. ఒకరినొకరు ఎత్తిపొడుచుకోకుండా ఈ రెండు గరిటెలకీ పూట గడవదు. బావమరిది మీద చెయ్యి చేసుకునే హక్కు లేకపోయినా నోరు చేసుకునే హక్కు మాత్రం పుట్టుకతో వచ్చిందని పెద్ద గరిటె నమ్మకం.

పెద్ద గరిటె బరువు నూట ఏడు కిలోలు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "బక్కవాడు వండింది ఎవడు నమ్మి తింటాడయ్యా?" అనేవాడు. క్యాంటీన్‌లో ఆ మాట ఇన్నేళ్లూ చెల్లింది. ఆసుపత్రిలో చెల్లలేదు.

సంగతేమిటంటే, చిన్న గరిటె అక్కకి, అంటే పెద్ద గరిటె భార్యకి, రెండేళ్ల క్రితం రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లొస్తోంది. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే గట్టెక్కుతుందన్నారు. ముందు తమ్ముడే ముందుకొచ్చాడు. పరీక్షలు చేస్తే, ఉన్నట్టు అతనికే తెలియని షుగరు బయటపడింది, పనికిరావు పొమ్మన్నారు. ఆ రోజు అక్కకి ముఖం చూపించలేక వీధి మలుపులో చాలాసేపు నిలబడిపోయాడు. తర్వాత బావ వెళ్లాడు. ఆయనకి రక్తం సరిపోయింది, గుండె సరిపోయింది, బరువొక్కటే సరిపోలేదు.

"తొంభై రెండు కిలోలు దాటితే నేను కత్తి పట్టను," అంది సర్జన్. "మీకు ప్రమాదం. ఆరు నెలల్లో దిగండి. ఆవిడ గుండె ఇప్పటికే అలిసిపోతోంది. ఆ తర్వాత ఆపరేషన్‌కి తట్టుకుంటుందని నేను మాటివ్వలేను."

బయటికొచ్చాక చిన్న గరిటె ఆ ఆరు నెలలూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. బావ సంగతి అతనికి తెలియంది కాదు. వ్యాయామానికని కొన్న సైకిలు మీద ఇంట్లో తువ్వాళ్లు ఆరేస్తున్నారు. పొద్దున్నే నడకకని కొన్న బూట్లు కట్టిన తాడు కూడా విప్పకుండా అటక మీదున్నాయి. ఆరంభశూరత్వానికి అవార్డు ఇస్తే ఏటా ఆయనకే ఇవ్వాలి. అలాంటి మనిషి చేతిలో ఇప్పుడు అక్క ప్రాణం పడింది.

బరువు తగ్గాలనుకున్నవాడికి కనపడ్డవాడల్లా వైద్యుడే. లేత్ మెషీన్ దగ్గర పనిచేసేవాడు, మాంసం తప్ప ఇంకేదీ ముట్టొద్దన్నాడు. స్టోర్సు గుమస్తా, పళ్లు తప్ప ఏదీ ముట్టొద్దన్నాడు. గేటు దగ్గర కాపలా ఆయన, ఏం తిన్నా సరే గడియారం చూసుకుని రోజులో ఎనిమిది గంటల వ్యవధిలోనే తినమన్నాడు. పెద్ద గరిటె వీటన్నిటినీ కాదని సూపు మార్గం పట్టాడు. మూడు పూటలా క్యాబేజీ సూపు. రెండో రోజుకి గిన్నెలు కడిగే ఆవిడతో గొడవ పడ్డాడు. మూడో రోజు పొద్దున ఒక్కడే కూర్చుని ఎనిమిది గుడ్లతో ఆమ్లెట్ వేసుకుని తినేశాడు.

"అయిపోయిందా మూడు రోజుల ముచ్చట?" అన్నాడు చిన్న గరిటె. వేళాకోళంగానే అందామనుకున్నాడు గాని నిష్ఠూరంగా వచ్చింది.

పెద్ద గరిటె మామూలుగా అయితే పదింతలు తిరిగి అనేవాడు. ఆ రోజు మాత్రం ఆప్రాన్ విప్పి, "ఆహారం సంగతి చెప్పే మేడం ఆసుపత్రిలో ఉంటుందిట, రా," అన్నాడు.

ఆవిడ చిన్న వయసుది. ఇది తిను, అది మానెయ్ అని ఒక్క ముక్క చెప్పలేదు. "ఆరు నెలలపాటు, ఒళ్లు మండిపోయిన రోజు కూడా మీరు చేయగలిగే పద్ధతి ఏది? ఆలోచించుకుని మీరే చెప్పండి," అంది. పెద్ద గరిటె ఒక రోజంతా ఆలోచించాడు. ఆ రోజు వంటింట్లో ఆయన నోరు వినిపించకపోయేసరికి ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు. మర్నాడు వెళ్లి చెప్పాడు.

"నాకు పళ్లెం ఒక్కటే అర్థమవుతుందమ్మా. పూటకి ఒక పళ్లెం పెట్టుకుంటాను. సగం కూరగాయలు, పావు అన్నం, పావు గుడ్డో మాంసమో పప్పో. రెండోసారి వడ్డించుకోను. పళ్లేనికీ పళ్లేనికీ మధ్య ఏదీ తినను."

ఆవిడ సరేనని, తిన్నదల్లా రాయమని ఒక నోటుబుక్కు ఇచ్చింది. చిన్న గరిటెకి ఇది మరీ చప్పగా తోచింది. ఇంత తేలికైన మందుకి లొంగేదైతే ఆ పొట్ట ఎప్పుడో లొంగేది కదా అనుకున్నాడు.

కాని బావ నిలబడ్డాడు. వారం, రెండు వారాలు, మూడు. అదే పళ్లెం, అవే పాళ్లు. క్యాంటీన్‌లో ఎవరి పదవీ విరమణకో కేకు కోస్తే, పెద్ద గరిటె అందరికీ ముక్కలు పంచి, ఖాళీ ట్రే కడుక్కుని వచ్చాడు. చిన్న గరిటె తన కళ్లను తనే నమ్మలేకపోయాడు. నెల తిరిగాక బరువు తూచారు. నూట ఆరున్నర.

ఆహారం మేడం నోటుబుక్కు చూసింది, తూకం ముల్లు చూసింది, మళ్లీ నోటుబుక్కు చూసింది. "అన్నీ రాస్తున్నారా?" అని మెల్లగా అడిగింది.

"ఉప్పు తక్కువైందంటే పడతాను గాని, అబద్ధమంటే పడను," అన్నాడు పెద్ద గరిటె. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన అబద్ధమాడడని చిన్న గరిటెకి తెలుసు. మరి ముల్లూ అబద్ధమాడదు. మర్నాడు వంట మొదలైన దగ్గర్నుంచి బావ మీదే కన్నేశాడు. పదకొండేళ్లుగా రోజూ చూస్తున్నదే, మొదటిసారి చూసినట్టు చూశాడు. పెద్ద గరిటె గ్రేవీ కలిపి, గరిటెతో కాస్త ఎడమ అరచేతిలో వేసుకుని నాకాడు. ఉప్పు వేసి మళ్లీ నాకాడు. సూపు గిన్నె దగ్గరికి వెళ్లాడు, అక్కడా అంతే. వేపుడులోంచి ఒక ముక్క, సాసులోంచి ఒక చుక్క, పాయసంలోంచి ఒక గరిటెడు. ఆరు పొయ్యిల మధ్య తేనెటీగలా తిరుగుతున్నాడు.

"బావా, మరి అదో?"

"ఏదిరా?"

"ఆ అరచెయ్యి. అది రాస్తున్నావా బుక్కులో?"

పెద్ద గరిటెకి నిజంగానే అర్థం కాలేదు. "రుచి చూస్తే తిన్నట్టారా? నీకు మతిపోయిందా? వంటవాడు రుచి చూస్తాడు, జనం తింటారు. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజు చెప్పిన మాటే అది."

"అయితే రేపు నాకోసం ఒక్క పని చెయ్యి. అరచేతిలో వేసుకునేదల్లా ఈ జగ్గులో పొయ్యి. ఉప్పు సంగతి ఒక్కరోజుకి నేను చూస్తాను."

నీ చాదస్తం మండా అంటూనే ఒప్పుకున్నాడు. మర్నాడు ఆరింటికి జగ్గు అడుగున చుక్క పడింది. తొమ్మిదింటికి సగమైంది. పన్నెండింటికి, జనం క్యూ కట్టే వేళకి, లీటరు జగ్గు మూతి దాకా నిండింది. పైన నూనె తేలి అంగుళం మందాన పేరుకుంది. పెద్ద గరిటె జగ్గుని వెలుతురులోకి తెచ్చి అన్ని వైపుల నుంచీ చూశాడు.

"ఇది నేను రోజూ తాగుతున్నానా?"

"ముప్ఫై ఏళ్లుగా," అన్నాడు చిన్న గరిటె. నవ్వుదామనుకున్నాడు. బావ ముఖం చూసి మానుకున్నాడు.

ఆయన ఒక నెల పోగొట్టుకున్నాడు. ఆ నెల ఆయనది కాదు, భార్యది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఇక రుచి చూడకుండా వండాలి. నోట్లో వేసుకుని ఉమ్మేయమని ఎవరో అంటే, "వండినదాన్ని ఉమ్మితే నా చెయ్యి మళ్లీ గరిటె పట్టదు," అన్నాడు. కాబట్టి నాలుక బావమరిదిది కావాలి. ఆ నాలుకకి వచ్చిన మాట ఒకటే, బాగుంది. మొదటి రోజు సూపు బాగుందన్నాడు. నాలుగు వందల మంది ఉప్పు కషాయమని గగ్గోలు పెట్టారు.

"బాగుంది అంటే పెళ్లికొచ్చినవాడు చెప్పే మాటరా," అన్నాడు పెద్ద గరిటె. "ఉప్పు నాలుక చివర తగులుతోందా, పక్కన తగులుతోందా? పులుపు ముందొస్తోందా, మింగాక వస్తోందా? అది చెప్పు. నీ నోరు ఇప్పుడు నా నోరు."

అలా పదకొండేళ్లలో నేర్పనిది ఐదు నెలల్లో నేర్పాడు. గిన్నె మీద వంగి, కళ్లు మూసుకుని ఆవిరి పీల్చి, "మిరియాలు తక్కువయ్యాయి, చూసి చెప్పు," అనేవాడు. చిన్న గరిటె చూసేవాడు. తక్కువే అయ్యేవి. చివరికి మాటలు కూడా అక్కర్లేకపోయింది. బావమరిది ముఖం చూసి బావ ఉప్పు వేసేవాడు.

కాని చిన్న గరిటె మనసులో ముద్రపడింది ఆ విద్య కాదు, ఆ చెయ్యి. ముప్ఫై ఏళ్ల అలవాటు కదా, కలిపిన ప్రతిసారీ గరిటె ఎడమ అరచేతి మీదికి దానంతటదే వెళ్లేది. సగం దూరంలో ఆగేది. ఒక్క క్షణం అలా గాల్లో నిలిచి, మళ్లీ గిన్నెలోకి వెళ్లేది. రోజుకి అరవైసార్లు. వాసనలన్నీ ముక్కు పుటాలకి కొడుతుండగా, కడుపు మాడుతుండగా, అరవైసార్లు ఆ మనిషి తనని తాను ఆపుకున్నాడు. ఏనుగుని లాగినవాణ్ని చూస్తే అందరూ గొప్పంటారు, దీన్ని చూసినవాడు తనొక్కడే కదా అని చిన్న గరిటెకి గర్వంగా ఉండేది. ఈయన మా బావ అని నలుగురిలో చెప్పుకోవాలనిపించేది.

తప్పలేదా అంటే, ఒక్కసారి తప్పాడు. నాలుగో నెలలో డయాలసిస్ మధ్యలో అక్కకి బీపీ పడిపోయి స్పృహ తప్పింది. మధ్యాహ్నానికి తేరుకుంది గాని, పెద్ద గరిటె క్యాంటీన్‌కి తిరిగొచ్చి, వేయించిన బంగాళాదుంపల పెద్ద పళ్లెం ముందు కూర్చుని, మొత్తం ఖాళీ చేశాడు. చిన్న గరిటె తలుపు దగ్గరే ఆగిపోయాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. పెద్ద గరిటె చేతులు కడుక్కుని నోటుబుక్కు తీసి రాశాడు. తర్వాత చిన్న గరిటె తెరిచి చూస్తే ఇలా ఉంది: "వేయించిన బంగాళాదుంపలు, పెద్ద పళ్లెం, ఒకటి. భయంతో." కింద గీత గీసి ఉంది. ఆ గీత కింద మర్నాటి పొద్దుటి పళ్లెం, ఎప్పటిలాగే సగం కూరగాయలు, పావు, పావు. అది చదివాక చిన్న గరిటెకి మొదటిసారి ధైర్యం వచ్చింది.

ఆరో నెల ఆఖరి వారంలో ముల్లు తొంభై ఒక్క కిలోల ఎనిమిది వందల గ్రాముల దగ్గర ఆగింది. సర్జన్ క్యాలెండరు తెరిచి, పదకొండు రోజుల తర్వాతి తేదీ రాసింది.

ఆ మధ్యాహ్నం కబురు ఎలా పాకిందో గాని, పెద్ద గరిటె వడ్డన గది గుమ్మంలో కనిపించగానే నాలుగు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాంసం మనిషీ, పళ్ల మనిషీ, గడియారం మనిషీ ఎవరికి వారు తమ సలహా వల్లేనన్నట్టు అందరికంటే గట్టిగా కొట్టారు. చిన్న గరిటె కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి చూస్తే, బావ బియ్యం మూట మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏమైంది బావా? ఇంకా ఎవరి మీద గెలవాలి?"

"ఆరు నెలలు నోరు కట్టుకుంటే ఇంతమంది చప్పట్లు కొట్టారురా," అన్నాడు పెద్ద గరిటె. "మీ అక్క రెండేళ్లుగా కట్టుకుంది. ఉప్పు లేదు, పండు లేదు, ఉడకబెట్టి నీళ్లు వంచేసిన పిప్పి తింటోంది. నేనే వండి పెడుతున్నాను. ఒక్కరోజు కూడా దొంగతనంగా ముద్ద తినలేదు. బంగాళాదుంపల పళ్లెం ముందు కూర్చోలేదు. ఎవరు కొట్టారు దానికి? నేను కొట్టానా?"

చిన్న గరిటె ఆరు నెలలుగా కళ్లార్పకుండా బావనే చూశాడు. అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, బావ ఎదురుగా కూర్చున్న మనిషిని చూడలేదు.

సాయంత్రం పని దిగగానే నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆసుపత్రికి తీసుకెళ్లే బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటోంది. ఎండలో పరుగున వచ్చాడేమో, అలవాటుగా వంటింట్లోకి వెళ్లి నీళ్లు ముంచుకుని, తాగుతూ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, ఒకటి అడుగుతాను. ఈ రెండేళ్లలో నీకు బాగా ఏది తినాలనిపించింది? చెప్పు, ఆపరేషనయ్యాక డాక్టరు సరేనన్న రోజే నా చేత్తో వండి తెస్తాను. ఇప్పుడు నాకు వంటొచ్చు."

అక్క చీర మడత ఆపి ఆలోచించింది. ఈ ప్రశ్న ఇంతవరకు తననెవరూ అడగలేదన్నట్టు కొంచెం సిగ్గుపడింది.

"తినాలని పెద్దగా ఏమీ లేదురా. రోజంతటికీ మూడు గ్లాసులని కొలిచిస్తారు కదా, మందులకే రెండు పోతాయి. ఒక్కసారి గ్లాసు నిండా నీళ్లు, మధ్యలో ఆపకుండా తాగాలని ఉంటుంది."

అతని చేతిలో గ్లాసు సగం ఖాళీగా ఉంది. రెండేళ్లుగా ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఇలాగే ముంచుకుని, ఇలాగే ఆమె ఎదురుగా కూర్చుని, గటగటా తాగి, హమ్మయ్య అని మూతి తుడుచుకున్నాడు. ఇప్పుడు మింగుడు పడలేదు. కింద పెట్టడానికీ చెయ్యి రాలేదు.

అక్క అతని ముఖం చూసి నవ్వి, మళ్లీ చీర మడత అందుకుంది.

"తాగు, పర్వాలేదు," అంది. "నాకింకా పదకొండు రోజులేగా."