చెల్లెలి గొంతు

“శాంతి వాయిస్ మెసేజులు ఎక్కడున్నాయి?” అన్నాడు ఫిలిప్, జయకుమారి ఫోను తెరిచి చూస్తూ.

జయకుమారి క్యారేజీల్లో అన్నం సర్దుతోంది. భర్త తన ఫోను తీయడం ఆమెకి కొత్త కాదు. కొన్నరోజే పిన్ను ఆయన పెట్టాడు, తన పుట్టిన సంవత్సరం. స్కూలు గ్రూపులో ఎవరేమన్నారో భోజనం దగ్గర ఆయనే ఆమెకి చెబుతాడు.

“ఎందుకండీ?”

“ఇమ్మానియేలు అడుగుతున్నాడు. పెళ్లి విందులో పెద్ద తెర పెడుతున్నారంట. స్టూడియో అతను ఏఐతో శాంతి ఫొటోని మాట్లాడిస్తాడంట. గొంతు ఒక్కటే కావాలి.”

“ఏం మాట్లాడిస్తారు?”

ఫిలిప్ తన ఫోను తీసి చదివాడు. “‘నేను ప్రభువు సన్నిధిలో సుఖంగా ఉన్నాను. నా భర్త నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. చెల్లీ, ఆయన్నీ నా బిడ్డనీ నీ చేతుల్లో పెడుతున్నాను.’ బాగుంది గదా? ఇమ్మానియేలు వాళ్లమ్మ విని ఏడ్చిందంట.”

శాంతి జయకుమారికి ఒక్కతే చెల్లెలు. పోయిన ఏడు మిరప కోతల్లో జ్వరంతో పోయింది. ఆమె భర్త ఇమ్మానియేలు కౌలుచేలో మిరప వేస్తాడు. వచ్చేవారం అతనికి మళ్లీ పెళ్లి; తెర మీద ‘చెల్లీ’ అని పిలిచేది ఆ కొత్త పెళ్లికూతుర్నే. చిన్నపిల్ల కెజియా ఉంది, ఇంట్లో చేసేవాళ్లు కావాలి అన్నారు. జయకుమారి వద్దనలేదు. ఆమెని ఎవరూ అడగనూ లేదు.

“ట్రైనింగుకి టైమవుతోంది” అని చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

“సాయంత్రం ఇమ్మానియేలు వస్తాడు. కూర కాస్త ఎక్కువ చెయ్యి.”

మండలంలోని టీచర్లందరికీ ఆ రోజు హైస్కూల్లో శిక్షణ. ఏఐతో పాఠాలు తయారు చేసుకోవడం, ఫోన్లు జాగ్రత్తగా వాడుకోవడం. నేర్పడానికి వచ్చిన ఆయేషా చిన్నపిల్లలా ఉంది గానీ గొంతులో తడబాటు లేదు. ఆమె అడగ్గానే యంత్రం క్షణాల్లో ఐదో తరగతి పాఠ్యప్రణాళిక రాసి పెట్టింది. “రోజుకో గంట మీకు మిగులుతుంది మేడం” అంది. ఆ గంట ఎక్కడికి పోతుందో జయకుమారికి తెలుసు. ఇంట్లో గిన్నెలుంటాయి, అత్తగారి కాళ్లకు నూనె ఉంటుంది.

తరవాత ఆయేషా హెడ్మాస్టరు చేత నాలుగు ముక్కలు మాట్లాడించి రికార్డు చేసింది. కాసేపటికి స్పీకర్లోంచి ఆయన గొంతు, “రేపు అందరికీ సెలవు, హాయిగా పడుకోండి” అంది. హాలంతా ఘొల్లుమంది.

“ఈ జన్మలో నేననే మాట కాదమ్మా అది” అన్నాడు హెడ్మాస్టరు కూడా నవ్వుతూ.

“అదే సార్, చూడండి. ఈ మాట మీరు అనలేదని చెప్పడానికి మీరు ఇక్కడున్నారు” అంది ఆయేషా.

జయకుమారి నవ్వలేదు. ఆ మాట ఆమెలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

చెల్లెలు పోయాక ఆమె తనివితీరా ఏడ్చింది లేదు. దినం ప్రార్థన కూటం అయిన మర్నాడే “డ్యూటీలో చేరు, మనసు మళ్లుద్ది” అంది అత్తగారు, తోమాల్సిన గిన్నెలు చూపిస్తూ. అందుకే తన స్కూల్లో, ఇంటర్వెల్లో, పాత మ్యాపులు చుట్టిపెట్టిన గదిలో నిలబడి శాంతి మెసేజులు వినేది. ఎప్పుడూ ఏదో పని చేస్తూనే మాట్లాడేది శాంతి. వెనక టీ మరిగే చప్పుడు, కెజియా ఏడుపు, చేనుకి రమ్మని ఎవరో కేకెయ్యడం. అలసిపోయిన గొంతు అది. అక్కా అనేటప్పుడు మాత్రం కాస్త సాగేది. ఇప్పుడు ఆ అలుపంతా గీకేసి సుఖంగా ఉన్నానని అనిపిస్తారు. అననిది అన్నట్టు కెజియా నమ్ముతుంది. శాంతి లేచొచ్చి, నేననలేదని చెప్పదు.

“మీ ఫోను పిన్ను ఇంట్లోవాళ్లకి తెలిసినవాళ్లు చేతులెత్తండి” అంది ఆయేషా. ఆడవాళ్లంతా ఎత్తారు. మగవాళ్ల వైపు ఒక్క చెయ్యీ లేవలేదు. “మా ఆవిడకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా” అన్నాడో మాస్టారు. మళ్లీ నవ్వులు. ఆయేషా నవ్వకుండా, “సరే. ఎలా మార్చాలో ఇప్పుడు చూద్దాం” అంది.

అందరూ చూశారు. జయకుమారి మార్చింది.

సాయంత్రం ఇమ్మానియేలు వచ్చేసరికి కూర పొయ్యి మీద ఉంది. ఫిలిప్ అలవాటుగా ఆమె ఫోను తీసుకుని నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

“పిన్ను మార్చావా?”

“మార్చానండీ.”

“నాకు చెప్పకుండానా?”

ఆమె పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“అరనిమిషం గొంతు చాలు వదినా” అన్నాడు ఇమ్మానియేలు. “నా కోసం కాదు. పిల్ల వాళ్లమ్మని చూసుకుంటది. వచ్చే మనిషికీ బెరుకు పోద్ది.”

జయకుమారి భర్త చేతిలోంచి ఫోను తీసుకుని, తెరిచి బల్ల మీద పెట్టింది. శాంతి మాట్లాడింది.

“అక్కా, జ్వరం తగ్గలా. ఒళ్లు కాలిపోతంది. కోతకి కూలోళ్లొచ్చారు, టీ కాసి చేనికి తీసకపోవాలి. ఆస్పత్రికి పోదామంటే, ఈ కోత కానీ, కాయ కల్లంలో పడనీ అంటన్నాడు. నువ్వొకసారి చెప్పవా అక్కా.”

ఆ మెసేజి వచ్చిన రోజే జయకుమారి అతనికి చెప్పింది. “వాళ్లింటి సంగతి మనకెందుకు” అని ఫిలిప్ అంటున్నా వినకుండా ఫోను చేసింది. “అట్నే వదినా, ఈ ఒక్క కోత” అన్నాడు ఇమ్మానియేలు. కాయ కల్లానికి చేరింది. శాంతి ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది.

“ఇదీ శాంతి గొంతు” అంది జయకుమారి. “కావాలంటే ఇది వేసుకోండి. మాట మార్చకూడదు.”

ఇమ్మానియేలు తల దించుకున్నాడు. “ఇది పెళ్లిలో ఎట్టా వేస్తాం వదినా” అన్నాడు.

“పెళ్లి ముందు ఏంటా మాటలు?” అన్నాడు ఫిలిప్. “వేరేది ఏదన్నా ఇవ్వు. నవ్వుతూ మాట్లాడింది ఉండదా?”

“వెతికానండీ. లేదు.”

ఫిలిప్ చెయ్యి చాపాడు. “ఫోనివ్వు. పిన్ను చెప్పు. నేను చూస్తాను.”

ఆమె ఇవ్వలేదు. ఫోను తీసి చేతిలో పెట్టుకుంది.

“మరి పిల్ల అడిగితే ఏం చెప్పాలి వదినా?” అన్నాడు ఇమ్మానియేలు. అతని గొంతు కూడా అలిసిపోయే ఉంది.

“నా దగ్గరికి పంపు” అంది జయకుమారి. “పెద్దదయ్యాక, వాళ్లమ్మ ఏం చెప్పిందో అంతా వినిపిస్తాను. దాని కోసమే దాచాను.”