లేని డాక్టరుకు టోకెన్లు

నేను ఒక ఫంక్షన్‌ను. ఇనుమూ కాదు, కర్రా కాదు, జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషలో రాసిన ఇరవై వరుసల కోడ్‌ను. కాకినాడలో ఒక కాజాల కొట్టు మీది గదిలో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పుట్టాను. నేతివాసనలో పెరిగానని అసూయపడకండి, నాకు ముక్కు లేదు!

ఒక కంటి ఆసుపత్రిలో టోకెన్లు ఇవ్వడం నా కొలువు. రోగి ఫోన్ నంబరు కొడితే నేను వెళ్లి ఫైలు నంబరు అడగాలి. అది వచ్చాక ఫైలు తెరిపించి జబ్బేమిటో కనుక్కోవాలి. జబ్బు తెలిశాకే దాన్ని చూసే డాక్టరెవరో అడగాలి. ఒకటి తేలకుండా ఇంకోటి అడిగితే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

నన్ను కన్న రామ్మోహన్ ఒక ప్రశ్న కడుపులో ఇంకోటి, దాని కడుపులో మరోటి దూర్చి రాశాడు. నా ఒళ్లు మెట్లమెట్లుగా కుడివైపుకు జారిపోయేది. తర్వాత వచ్చినాయన ఆ మెట్లు పీకేసి, ప్రశ్నల్ని ఒకదాని వెనక ఒకటిగా గొలుసు కట్టాడు. నన్ను పాడుచేసింది ముందువాడేనని చెప్పి ఆయనా వెళ్లిపోయాడు.

మూడో చెయ్యి జలజది. ఆమె ఆరు నెలల ప్రొబేషన్ ఇంకో రెండు రోజుల్లో అయిపోతుంది. ఉద్యోగం నిలిస్తే సరి, లేదంటే పెట్టె సర్దుకొని పిఠాపురం బస్సెక్కడమే. పాపం, నన్ను ముద్దుగా తిరగరాసింది. ప్రతి ప్రశ్న ముందూ 'అవెయిట్' అని పెట్టింది, అంటే జవాబు వచ్చేదాకా ఆగమని. మూడో ప్రశ్న దగ్గర వాళ్లమ్మ ఫోను: "అన్నం తిన్నావా?" తిన్నానని చెప్పింది గానీ, అక్కడ 'అవెయిట్' పెట్టడం మరిచిపోయింది.

ఆగమనకపోతే నేనెందుకు ఆగుతాను? మా లోకంలో జవాబు రాకముందు చేతికొక చీటీ ఇస్తారు, వస్తుందిలే అని. దాని పేరు ప్రామిస్. డాక్టరు పేరుకు బదులు ఆ చీటీనే అచ్చేశాను. టోకెను మీద 'ఆబ్జెక్ట్ ప్రామిస్' అని ఇంగ్లీషులో పడింది.

మర్నాడు పొద్దున్నే నూకరాజు అనే పెద్దాయన పక్కవాడిచేత టోకెను చదివించుకొని కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆబ్జెక్ట్ ప్రామిస్ గారి గది ఎక్కడండీ?"

కౌంటరులోని అమ్మాయి తలెత్తలేదు. "ఇంకా రాలేదండీ. వస్తారు, కూర్చోండి."

ఆ పూట ఆసుపత్రిలో అక్షరాలా నిజం చెప్పింది ఆమె ఒక్కతే.

పదకొండింటికి ఆ ప్రామిస్ గారి కోసం అరవై మంది కూర్చున్నారు. కేరళ డాక్టరంట అని ఒకరు, ఆయన చెయ్యి పెడితే చాలంట అని ఇంకొకరు. ఉన్న ముగ్గురు డాక్టర్లు గదుల్లో ఈగలు తోలుకుంటున్నారు.

కబురందగానే జలజ ఆటోలో పరిగెత్తుకొచ్చింది. నాలో ఒక్క మాట చేర్చింది, కొత్త టోకెన్లు తీసింది. నూకరాజు మొండికేశాడు: "మాకా పెద్ద డాక్టరే కావాలండీ!"

"అలాంటి డాక్టరు లేరు తాతగారూ. తప్పు నాది," అంటూ ఏడ్చేసింది. చెయ్యి పట్టుకొని డాక్టరు గదిదాకా నడిపించింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా, పొద్దున్నించీ కూకున్నాను," అన్నాడాయన మెత్తబడి.

సాయంత్రం మా కంపెనీ యజమాని కామేశ్వర్రావు గారు జలజను పిలిచారు.

"ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారమ్మా. తప్పు ఒప్పుకొని ఎదురొచ్చి నిలబడ్డ మనిషిని మొదటిసారి చూశాం, వదులుకోకండి అన్నారు. నీ ఉద్యోగం పర్మనెంటు. ఆర్డరు కాగితం వస్తుందిలే, వెళ్లిరా."

జలజ కదల్లేదు. కుర్చీ లాక్కొని ఆయన ఎదురుగా కూర్చుంది.

"పర్వాలేదండీ. వచ్చేదాకా ఆగుతాను."