ఎండలో చూడాల్సిన రంగు

కరెంటు పోయింది. రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. కారు మూతికీ గోడకీ మధ్య మనిషి అడ్డంగా పట్టేంత సందు. ఆ సందులో కాసులమ్మ వంగి, కళ్ళు మూసుకుని, బానెట్ అంచు వెంబడి వేలు నడిపిస్తోంది. రాయి తగిలి రంగు లేచిన చోట వేలు పిసరంత దిగుతుంది. దిగిన చోటల్లా సుద్దముక్కతో సున్న చుట్టింది.

వెండిరంగు బండి. తగరపువలస నుంచి మధురవాడ ఆఫీసుకి రోజూ టిప్పర్ల వెనకే రావాలి. టిప్పర్లు రాళ్ళు చిమ్ముతాయి. నిరుడంతా రేవు దగ్గర క్వార్టర్స్‌లో పెట్టిన బండి కూడాను. అక్కడి గాలిలో వచ్చే ఇనప ధూళి రంగులోకి కొరుక్కుని ఎర్రటి చుక్కలై కూర్చుంది. దూరం నుంచి చూస్తే ఏమీ లేదు. దగ్గరకొస్తే ఆటలమ్మ పోసినట్టుంది.

"వదినా, ఈ బండికి మొటిమలు బాగా లేచిపోనాయి," అన్నాడు అప్పలరాజు. సొట్టలు తీసే పని అతనిది. "రేపు సంబంధం కలుపుకోడానికెల్తాదంట. వయసొచ్చీసినట్టుంది."

"నీ మొకానికి నేవేటి మొటిమలు?"

"నా మొకానికి పుట్టీ సాలదు వదినా. సుత్తి పట్టాల."

కాసులమ్మ నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేసరికి అప్పలరాజు ఇంకో బండి కిందకి దూరిపోయాడు. పొద్దుటి నుంచి ఆమెతో ఎవరైనా మాట్లాడింది అంతే.

ఆమె మొగుడు తవిటయ్య ఇదే షెడ్డులో పెయింటరుగా చేశాడు. ఆమె షెడ్డులో రంగు తుడిచే గుడ్డలుతకడానికని వచ్చి, అతని పక్కన నిలబడి నిలబడి పని నేర్చింది. గరుకు నీటికాగితంతో ఎంత అరగదీయాలో, రంగులో నలుపు చుక్కలు కలపడం ఎప్పుడు ఆపాలో, తుంపర గన్ను ఎంత దూరాన పట్టాలో అన్నీ చూసి నేర్చినవే. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని ఇరవయ్యేళ్ళు రంగు పీల్చిన తవిటయ్య, ఊపిరి తీసుకోలేక రెండేళ్ళ కింద పోయాడు. పిల్లల్లేరు. దినాలయ్యాక షెడ్డు యజమాని దుర్గారావే కబురు పెట్టాడు. "సెల్లీ, ఇంట్లో కూకుని ఏటి సేత్తావు? వొచ్చీ." మంచిమాటే. తవిటయ్యకిచ్చిన కూలిలో సగం ఆమెకిచ్చాడు. అదీ మంచే అనుకుంది.

మొదట్లో ఒక పొద్దున్న, తను రంగు పెట్టిన బండి బయటికి వెళ్తుంటే చూద్దామని షెడ్డు ముందుకొచ్చి నిలబడింది. ఎవరి చేతిపని వాళ్ళకి ముద్దు కదా. ఆ బండాయన హైవే ఎక్కుతూనే డివైడరుకి రాసుకున్నాడు. తిరిగొచ్చి, "ఎవతిరా ఇందాక ఎదురొచ్చింది? బొట్టు లేకుండా?" అని అరిచాడు. కొత్తగా వేసిన రంగు చారికలు పడి ఉంది. దాన్ని మళ్ళీ కాసులమ్మే సరిచేసింది. డబ్బులు తీసుకోలేదు.

ఆనాటి నుంచి పొద్దున్న బండ్లు వెళ్ళేదాకా ఆమె షెడ్డు వెనక, నీళ్ళ డ్రమ్ము దగ్గర. వచ్చేది కూడా వెనకసందులోంచే. ఎవరూ గట్టిగా తిట్టింది లేదు. "ఎనక్కుండు సెల్లీ" అంటే ఉంది. ఆ తర్వాత అనక్కర్లేకపోయింది. అద్దెగది వీధిలోనూ అంతే. తలుపు వారగా తీసి, పరీక్షకెళ్ళే పిల్లలూ పెళ్ళికెళ్ళే మనుషులూ ఎవరూ లేరని చూసుకుని గడప దాటుతుంది. పాలవాడు పక్కకి చూస్తూ పాకెట్ అందిస్తాడు. మనిషి మొహంలోకి మొహం పెట్టి ఆమెతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

కరెంటు వచ్చింది. చుక్కలన్నీ అరగదీసి, పుట్టీ నింపి, ప్రైమరు కొట్టి, రంగు కలపడానికి కూర్చుంది. వెండిరంగు టక్కరిది. మెరుపుపొడి పడుకున్న తీరునిబట్టి ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్కనుంచి చూస్తే ఒక రంగు. కలిపి, పుల్లతో బానెట్ మీద ఆనించి, పక్కనుంచి చూసింది. సరిపోయింది. ఎదురుగా చూద్దామంటే వెనక గోడ వీపుకి తగులుతోంది.

దుర్గారావు బల్ల దగ్గర ఫోను చూసుకుంటున్నాడు.

"అన్నయ్యా, రేపు పార్టీ రాకముందు బండి బయటెట్టించు. ఎండలో ఒకపాలి సూసుకుంటాను. ఈ రంగుని నమ్మలేం."

షెడ్డుది తూర్పుముఖం. ముందు జాగాలో సూటిగా ఎండ పడేది పొద్దున్నే. మధ్యాహ్నం దాటితే అంతా షెడ్డు నీడే.

"పొద్దున్నే వత్తానన్నాడు," అన్నాడు దుర్గారావు తలెత్తకుండా. "సుభకార్యానికెల్లే బండి. నువ్వు ముందర తిరిగితే బాగోదు సెల్లీ. నీకు తెల్దేటి?"

"ఆయనొచ్చీలోపే సూసేత్తాను."

"ట్యూబులైటు కింద సూసుకో. ఇన్నాళ్ళూ అలగే కదా సేసినావు."

అవును, అలాగే చేసింది. తిరిగొచ్చి గన్ను పట్టింది. రంగు మీద క్లియర్ పూత కొట్టింది. ఆరాక, చేతులు తిమ్మిరెక్కేదాకా రబ్బింగు పట్టించింది. ట్యూబులైటు కింద బానెట్ నీళ్ళలా మెరిసింది. ఎక్కడ చుక్కలుండేవో తనే మర్చిపోయింది. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆ రాత్రి నిలబడే ఇంటికెళ్ళింది. నడుం వంగలేదు.

మర్నాడు డ్రమ్ము దగ్గర గుడ్డలు జాడిస్తుంటే షెడ్డు అవతలి నుంచి మాటలు వినిపించాయి.

"ఏంటండీ దుర్గారావుగారూ, ఇక్కడ ప్యాచ్‌లా కనిపిస్తోంది? నిన్నటిదాకా చుక్కలే ఉండేవి. ఇప్పుడు పెద్ద మచ్చే పెట్టారు!"

బండి యజమాని గుణశేఖర్ గొంతు. కాసులమ్మ చేతిలో గుడ్డ ఆగింది. దుర్గారావు విసవిసా వెనక్కొచ్చాడు.

"ఏటి సేసినావే? ముందర నుంచి సూత్తే నల్లగా పలక అంటించినట్టుంది! పరువు పోనాది నాది!"

"ముందర నుంచి సూసే దారి నేదు కదన్నయ్యా. గోడకేసి సేసినాను."

"మాటలొద్దిప్పుడు. బండి లోపలికి తోయిత్తాను. బేగి సరిసెయ్యి."

కాసులమ్మ గుడ్డ పిండి డ్రమ్ము అంచు మీద వేసింది. "లోపల సెయ్యను," అంది.

"ఏటీ?"

"లోపల సేత్తే మళ్ళీ ఇలగే వత్తాది. ఎండలో సూడాల. ఎదురుగా నిలబడి సూడాల."

"పార్టీ అక్కడే ఉన్నాడే!"

"ఉండనీ."

"పనొద్దేటి నీకు?"

ఈ రోడ్డు పొడుగునా ఆడమనిషి చేతికి గన్నిచ్చే షెడ్డు ఇంకొకటి లేదు. ఆమెకి వచ్చిన పనీ ఇంకొకటి లేదు. "కావాలనే అడుగుతన్నాను అన్నయ్యా," అంది. అతను ఇంకేదో అనేలోపే నిన్నటి రంగు డబ్బా, పుల్ల తీసుకుంది. వెనకసందు వైపు తిరగలేదు. షెడ్డు నడుమనించి నడిచింది.

అప్పలరాజు సుత్తి చప్పుడు ఆగింది. "వదినా, ఎనక్కి..." అన్నాడు. అలవాటుగా వచ్చిన మాట. ఆమె దాటిపోయాక సుత్తి వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

బయట ఎండ. కళ్ళు చికిలించి, సర్దుకుని, బండి ముందుకెళ్ళి నిలబడింది. బానెట్ నడిమధ్య నీడ పడ్డట్టు మచ్చ. ఇంత తప్పు తన చేతిది! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండడుగులు వెనక్కేసి చూసింది. మళ్ళీ దగ్గరకొచ్చి చూసింది. రంగులో నలుపు ఎక్కువైంది. కొంచెమే. ఎండ దాన్నీ దాచలేదు.

గుణశేఖర్ కొత్తచొక్కాలో ఉన్నాడు. బండి వెనకసీట్లో పళ్ళూ పూలూ పసుపుకుంకాల పళ్ళేలు. అతను ఆమె నుదురు చూశాడు. చూడనట్టు దుర్గారావు వైపు తిరిగాడు.

"ఈవిడా చేసింది?"

"అబ్బే, కాద్సార్. గుడ్డలుతకడానికొత్తాది. మా అప్పలరాజే..."

"నానే సేసినాను బాబూ," అంది కాసులమ్మ. "తప్పొచ్చింది. నలుపెక్కువయింది. పూట ఉంచండి, ఇక్కడే నిలబడి సరిసేత్తాను."

"పూటా? ముహూర్తం ఉందమ్మా." ఇబ్బందిగా నవ్వాడు. "నాకు ఇలాంటి పట్టింపులేం లేవు, నిజంగా. మా అమ్మకే... ఇవాళొక్కరోజు. రేపు తెస్తాను. మీరు కొంచెం అలా పక్కకి జరిగితే..."

ఆ మాట చాలా మెత్తగా అన్నాడు. తిట్టిన మనిషైతే బాగుండేదనిపించింది ఆమెకి.

అతను బండెక్కి ఇంజను వేశాడు.

కాసులమ్మ జరగలేదు. "రేపు తెచ్చినా నాను ఇక్కడే నిలబడాల బాబూ. నలుపెంత తగ్గించాలో ఇప్పుడే సూసుకోనీ."

డబ్బాలో పుల్ల ముంచింది. బానెట్ మీదకి వంగి, ఎడంచెయ్యి ఆనించింది. రంగు కింద ఇనుము వణుకుతోంది. ఆ వణుకు మోచేతిదాకా పాకింది. వెనక దుర్గారావు, "సెల్లీ!" అని పిలిచాడు. తర్వాత, "ఒసే కాసులమ్మా!" అన్నాడు. తర్వాత పిలవలేదు. షెడ్డులోంచి ఎవరూ రాలేదు. హైవే మీద టిప్పరొకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

అద్దం వెనక ఆ మనిషి చెయ్యి హారను మీద ఉంది. నొక్కలేదు, తియ్యలేదు. కాసులమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. మళ్ళీ వంగి, మచ్చ అంచున ఒక్క చుక్క పెట్టి, అది ఆరేదాకా చూస్తూ నిలబడింది.